గేటు కాటాకీ ఆఫీసు పెర్ల్‌కీ మధ్య చిన్న ఎక్స్‌ఎంఎల్ సర్వీసు: సోప్ అక్కర్లేదు, మూడు చోట్ల జాగ్రత్త చాలు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. లాట్ల లెక్కంతా పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఏళ్ళ నాటి ప్రోగ్రాంలో, ఆఫీసు గదిలోని ఉబుంటు మిషన్ మీద ఉంది. గేటు దగ్గర కాటా పక్కన ఇంకో కంప్యూటర్ పెట్టారు. అక్కడ లాట్ నంబరు కొడితే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) మిగిలాయో ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ట్యాగుల మధ్య సమాచారం పెట్టే రూపంలో, రావాలి, డెలివరీ ఇస్తే ఆ లెక్క ఆఫీసులో పడాలి. అపాచీ లాంటి రెడీమేడ్ వెబ్ సర్వరు లేకుండా సర్వరు, క్లయింటు రెండూ పెర్ల్‌లోనే రాశారు. మూడు ఇబ్బందులు చెప్పారు: సర్వరు అప్పుడప్పుడు బిగుసుకుపోతోంది, తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా వస్తున్నాయి, కొందరు రైతుల దగ్గర మాత్రం ప్రోగ్రాం పడిపోతోంది. సోప్ అనే ఎక్స్‌ఎంఎల్ సందేశాల పద్ధతికి మారితే ఇవన్నీ పోతాయా అని అడిగారు.

పోవు. ఇంకో నాలుగు చేరతాయి.

నేను విజయవాడ గవర్నరుపేటలో కూర్చుని ఇరవై ఏళ్ళుగా ఇలాంటి చిన్న ఆఫీసుల సాఫ్ట్‌వేరే చూస్తున్నాను. ఈ సమాధానం ఫోనులో తెలుగు కీబోర్డుతో కొడుతున్నాను కాబట్టి కోడ్ అతికించడం లేదు. మాడ్యూళ్ళ పేర్లు పలికినట్టే రాస్తాను, మధ్యలో జంట కోలన్లు మీరే పెట్టుకోండి.

సోప్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణం 1998 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ, 2000లో సోప్ 1.1 వచ్చాయి. సోప్ బరువంతా ఎందుకంటే, ఒకరినొకరు ఎరగని రెండు కంపెనీలు ఒక ఒప్పంద పత్రం పెట్టుకుని మాట్లాడుకోవడానికి. ఆ పత్రమే డబ్ల్యూఎస్‌డీఎల్. అవతలివాళ్ళు అది చేతిలో పెట్టి ఇలాగే పంపాలి అంటే తప్పదు, అప్పుడు ఎక్స్‌ఎంఎల్ కంపైల్ సోప్ వాడండి. మీ దగ్గర రెండు చివరలూ మీవే. గేటుకీ ఆఫీసుకీ మధ్య వంద గజాలు. దానికి సోప్ అంటే, పక్కింటికి పచ్చడి గిన్నె పంపడానికి లారీ మాట్లాడినట్టు.

మీకు కావలసినవి మూడే మాడ్యూళ్ళు. సర్వరుకు హెచ్‌టీటీపీ డీమన్, క్లయింటుకు ఎల్‌డబ్ల్యూపీ యూజర్ ఏజెంట్, రెండు వైపులా ఎక్స్‌ఎంఎల్ లిబ్‌ఎక్స్‌ఎంఎల్. ఉబుంటులో మూడూ ఆప్ట్ ప్యాకేజీలుగా దొరుకుతాయి, పెర్ల్ మాడ్యూళ్ళ భాండారం సీపాన్ నుంచి తెచ్చి కంపైల్ చేసే పని లేదు. గేటు మిషన్ విండోస్ అయితే స్ట్రాబెరీ పెర్ల్ వేయండి, లిబ్‌ఎక్స్‌ఎంఎల్ అందులోనే ఉంటుంది.

ముందు అటూ ఇటూ వెళ్ళే కాగితం ఎలా ఉండాలో రాసుకోండి, కోడ్ తర్వాత. లాట్ అడిగితే సర్వరు ఇలాంటిది పంపాలి:

<లాట్లు>
  <లాట్ సంఖ్య="0047">
    <ఊరు>ఫిరంగిపురం</ఊరు>
    <రకం>తేజ</రకం>
    <వచ్చినవి>62</వచ్చినవి>
    <మిగిలినవి>40</మిగిలినవి>
  </లాట్>
</లాట్లు>

ట్యాగులు తెలుగులో ఉన్నాయని నవ్వకండి, ఎక్స్‌ఎంఎల్ నియమాల ప్రకారం ఇది పూర్తిగా చెల్లుతుంది, పార్సర్ కిమ్మనదు. అయినా మీ సర్వీసులో ట్యాగులు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి. రేపు మీ తర్వాత వచ్చే కుర్రాడి మిషన్‌లో తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. ఇంకో సంగతి, లాట్ సంఖ్యలో ముందున్న సున్నాలు చూశారా? ఎక్స్‌ఎంఎల్‌లో అన్నీ అక్షరాలే. పెర్ల్‌లో దాన్ని ఎక్కడైనా కూడికలో వాడి తిరిగి పంపారంటే 0047 కాస్తా 47 అవుతుంది, ఆఫీసులో ఆ లాట్ దొరకదు.

ఇక బిగుసుకుపోవడం. మీరే ఒక మాట రాశారు: "క్రోమ్‌లో తెరిచి చూస్తే బాగానే వస్తుంది, ఆ తర్వాతే గేటు ప్రోగ్రాం ఆగిపోతుంది." జవాబు అందులోనే ఉంది. హెచ్‌టీటీపీ డీమన్ ఒంటరి గుమాస్తా. యాక్సెప్ట్ అని పిలిస్తే ఒక కనెక్షన్ తీసుకుంటుంది, దాని మీద గెట్ రిక్వెస్ట్ అని అడుగుతూ లూపులో కూర్చుంటుంది. ఆ కనెక్షన్ మూసుకునేదాకా ఇంకొకరి ముఖం చూడదు. క్రోమ్‌కు ముందుచూపు ఎక్కువ. అవసరం పడుతుందేమోనని ఇంకో కనెక్షన్ కూడా తెరిచి ఏమీ అడక్కుండా ఉంచుతుంది, వాడిన కనెక్షన్ కూడా వెంటనే వదలదు. కౌంటర్ ముందుకొచ్చి నోరు విప్పని మనిషి ముందు గుమాస్తా కూర్చుండిపోతాడు, వెనక క్యూ అలాగే ఉంటుంది. మీ గేటు ప్రోగ్రాం ఆ క్యూలో ఉంది.

మందు రెండు లైన్లు. యాక్సెప్ట్ ఇచ్చిన కనెక్షన్ ఆబ్జెక్టు మీద టైమౌట్ అయిదు సెకన్లు పెట్టండి. ఒక రిక్వెస్టుకు జవాబు ఇచ్చే ముందు ఫోర్స్ లాస్ట్ రిక్వెస్ట్ పిలవండి, అంటే ఒక కనెక్షన్‌కు ఒకే పని. ఫోర్క్ చేయమని, అంటే ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో పిల్ల ప్రాసెస్‌ను పుట్టించమని, చాలామంది సలహా ఇస్తారు. గేటు దగ్గర ఉన్నది ఒక్క కంప్యూటరైతే అక్కర్లేదు. సీజన్‌లో అయిదారు చోట్ల నుంచి అడుగుతారంటే అప్పుడు చేయండి, కానీ దాని గోతులు తెలుసుకుని చేయండి.

ఫోర్క్‌లో మొదటి గొయ్యి: పిల్ల ప్రాసెస్ పని ముగించి చనిపోయినప్పుడు తల్లికి చైల్డ్ సిగ్నల్ వస్తుంది. దానికి మీరు సొంత హ్యాండ్లర్ రాసి ఉంటే, యాక్సెప్ట్‌లో ఎదురుచూస్తున్న తల్లి మధ్యలో ఉలిక్కిపడి లేస్తుంది, యాక్సెప్ట్ ఖాళీ విలువ ఇస్తుంది. మీ వైల్ లూపు దాన్ని "అయిపోయింది" అనుకుని బయటకు వచ్చేస్తుంది. సర్వరు ఏ ఎర్రరూ లేకుండా హుందాగా ఆగిపోతుంది. ఒక్క రిక్వెస్టుకే జవాబిచ్చి చచ్చిపోతోందని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే. లైనక్స్‌లో ఆ సిగ్నల్‌కు ఇగ్నోర్ అని పెడితే సరిపోతుంది. లూపును మాత్రం అంతులేనిదిగా రాసి, లోపల యాక్సెప్ట్ ఖాళీగా వస్తే మళ్ళీ మొదటికి వెళ్ళమనండి. రెండో గొయ్యి డేటాబేస్ కనెక్షన్. తల్లి తెరిచిన డీబీఐ హ్యాండిల్‌ను పిల్ల వాడకూడదు, పిల్ల పోతూ పోతూ దాన్ని మూసేసి పోతుంది. ఫోర్క్ అయ్యాక పిల్లలోనే కొత్తగా తెరవండి.

ఫోర్క్ ఉన్నా లేకున్నా మూడు పనులు చేయాలి. పైప్ సిగ్నల్‌ను ఇగ్నోర్ చేయండి, లేకపోతే గేటు దగ్గర ఎవరో విండో మూసేసిన క్షణాన సర్వరు జవాబు రాస్తూ ఉంటే సర్వరే పోతుంది. ప్రతి రిక్వెస్టు పనినీ ఇవాల్ (ఎర్రర్‌ను పట్టుకునే బ్లాకు) లోపల పెట్టండి, ఒక తప్పుడు ఎక్స్‌ఎంఎల్ వస్తే ఆ ఒక్కరికి 400, అంటే తప్పు రిక్వెస్టు అనే జవాబు వెళ్ళాలి గానీ అందరికీ దుకాణం మూయకూడదు. సర్వరు తెరిచేటప్పుడు రీయూజ్ అడ్రస్ ఒకటి అని ఇవ్వండి, లేకపోతే ఆపి వెంటనే మొదలుపెడితే పోర్టు ఇంకా వాడకంలో ఉందని మొరాయిస్తుంది.

అలాగే లోకల్ అడ్రస్ ఇవ్వకపోతే డీమన్ ఆ మిషన్‌కున్న అన్ని నెట్‌వర్కుల మీదా వింటుంది. మీ ఆఫీసు లాన్ ఐపీ ఇవ్వండి, చాలు.

ఇప్పుడు అసలు గొడవ, తెలుగు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మిర్చి అనే మాట తీసుకోండి. మన కంటికి రెండు అక్షరాలు. పెర్ల్‌ను పొడవు అడిగితే ఆరు అంటుంది: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. వైరు మీద యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతిలో, వెళ్ళేటప్పుడు 18 బైట్లు, ఎందుకంటే తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. రెండు, ఆరు, పద్దెనిమిది, మూడూ నిజమే. ఏది ఎక్కడ అన్నదే తెలియాలి. హెచ్‌టీటీపీలో కంటెంట్ పొడవు అంటే బైట్లు. ఆరు అని రాసి పంపితే అవతలివాడు ఆరు బైట్లు చదివి ఆపేస్తాడు, అంటే మొదటి రెండు గుర్తులు. "మి" వస్తుంది, "ర్చి" గాల్లో.

మీకు పిచ్చి గీతలు వస్తున్నాయన్నారు. ఇంగ్లిష్ 'ఎ' మీద వాలు గీత, పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ, అదే మళ్ళీ మళ్ళీ కనిపిస్తోందా? అయితే అది యూటీఎఫ్-8 బైట్లను ఎవరో లాటిన్ అక్షరాలుగా చదవడం. తెలుగు గుర్తులన్నీ ఒకే బైటుతో మొదలవుతాయి, రెండో బైటు రెండింట్లో ఒకటి, అందుకే ఆ జంట వదలకుండా వెంటాడుతుంది. చాలాసార్లు కారణం, అక్షరాలను బైట్లుగా మార్చే ఎన్‌కోడ్ పని రెండుసార్లు చేయడం. కనుక్కోవడం తేలిక: మిర్చి ఒక్కటే పంపి బైట్లు లెక్కపెట్టండి. 18 వస్తే సరే. 36 వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది.

దీనికి నేను పాటించే పద్ధతి మీ కాటా పద్ధతే. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి తూకం, బయటకు వెళ్ళేటప్పుడు ఒకసారి. మధ్యలో గోదాములో ఎవరూ తూచరు. అలాగే బైట్లు లోపలికి వచ్చే గుమ్మంలో ఒకసారి డీకోడ్, బయటకు వెళ్ళే గుమ్మంలో ఒకసారి ఎన్‌కోడ్. ప్రోగ్రాం లోపలంతా అక్షరాలే తిరగాలి. పేరు బాగా కనిపించడం లేదని మధ్యలో ఒక ఎన్‌కోడ్ తగిలించి, ఇంకోచోట తేడా వస్తే ఇంకో డీకోడ్ తగిలించారంటే, ఇక ఆ లెక్క దేవుడికే తెలియాలి.

లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఈ గుమ్మం ఎక్కడుందో తెలియక చాలామంది పడతారు. మొత్తం డాక్యుమెంట్ ఆబ్జెక్టు మీద టూ స్ట్రింగ్ పిలిస్తే, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టి ఉంటే, వచ్చేది ఎన్‌కోడ్ అయిపోయిన బైట్లు. దాన్ని మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తే 36. అదే టూ స్ట్రింగ్‌ను ఒక్క నోడ్ మీద, అంటే లాట్ ముక్క మీద పిలిస్తే వచ్చేది అక్షరాలు. ఇది నేరుగా రెస్పాన్స్‌లో పెడితే "కంటెంట్ బైట్లే అయి ఉండాలి" అని హెచ్‌టీటీపీ మెసేజ్ మాడ్యూల్ చచ్చిపోతుంది. ఆ ఎర్రర్ చూసి తిట్టుకోకండి, అది మీ మేలు కోరేది. చెప్పకుండా చెత్త పంపేవాటితోనే ప్రమాదం.

క్లయింటు వైపు ఇదే తిరగేసి. వచ్చిన జవాబులోని బైట్లను బైట్లుగానే పార్సర్‌కు ఇవ్వండి. ఎక్స్‌ఎంఎల్ తల మీదే ఏ ఎన్‌కోడింగో రాసి ఉంటుంది, పార్సర్ చదువుకుంటుంది. డీకోడెడ్ కంటెంట్ పిలవాలనుకుంటే, అంటే జిప్ విప్పడానికి, క్యారెక్టర్ సెట్ నన్ అని ఇచ్చి పిలవండి. మొదట్లో యూజ్ యూటీఎఫ్8 పెట్టాను కదా అంటారేమో. అది మీ సోర్స్ ఫైలులో రాసిన తెలుగు మాటల గురించే చెబుతుంది, వచ్చే పోయే డేటాకు దానితో సంబంధం లేదు. డేటాబేస్ డ్రైవర్‌లో కూడా యూనికోడ్ అమరిక విడిగా ఉంటుంది, మైఎస్‌క్యూఎల్‌కు ఒకటి, ఎస్‌క్యూఎల్‌లైట్‌కు ఒకటి. అది కూడా ఒక గుమ్మమే.

కంటెంట్ టైపు అప్లికేషన్ ఎక్స్‌ఎంఎల్ అని, పక్కన క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని పెట్టండి. టెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్ వద్దు. 2001 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3023 ప్రకారం క్యారెక్టర్ సెట్ రాయని టెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్‌ను ఆస్కీగా (ఇంగ్లిష్ అక్షరాలే ఉన్న పాత పద్ధతి) చదవాలి. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7303 దాన్ని మార్చింది. పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ కబురు చేరిందో లేదో మనం చూడబోము.

మూడోది, కొందరు రైతుల దగ్గర మాత్రం పడిపోవడం. మీరు ఎక్స్‌ఎంఎల్ సింపుల్ వాడుతున్నారని రాయలేదు, కానీ పందెం కాస్తాను. ఆ మాడ్యూల్‌లో రెండు లాట్లు వస్తే అర్రే (వరుస జాబితా) తయారవుతుంది, ఒకే లాట్ వస్తే అర్రే కాదు, హ్యాష్ (పేరు-విలువ జతలు) అవుతుంది. మీరు టెస్ట్ చేసింది ఏ పెద్ద రైతు ఖాతాతోనో అయి ఉంటుంది. ఒకే లాట్ పెట్టిన చిన్న రైతు వచ్చిన రోజున కోడ్ అర్రే అనుకుని చేయి పెడుతుంది, పడిపోతుంది. నాకూ ఇలాగే జరిగింది, పేరెందుకు గానీ ఒక ఆఫీసులో నేను రాసిన ప్రోగ్రాం ఒక సీజన్ అంతా బాగా నడిచి, సీజన్ చివర్లో, అందరి దగ్గరా ఒక్కో లాటే మిగిలిన రోజుల్లో రోజూ పడిపోయింది. తప్పంతా నాదే. ఫోర్స్ అర్రే అనే అమరిక ఉంది, కానీ కీ, ఐడీ, నేమ్ అనే పేర్లు కనబడితే అది తనంతట తాను ఇంకో రకంగా మడతపెడుతుంది. ఆ మాడ్యూల్ రాసినవారే కొత్త కోడ్‌లో వాడొద్దని దాని డాక్యుమెంటేషన్‌లో రాశారు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఫైండ్ నోడ్స్ పిలిస్తే ఒకటైనా, వందైనా, అసలు లేకపోయినా జాబితాయే వస్తుంది. మారండి.

ఎక్స్‌ఎంఎల్‌ను పెర్ల్ చుక్క గుర్తుతో మాటలు అతికించి తయారుచేస్తున్నారా? చేస్తుంటే అది కూడా మానేయండి. యార్డులో కమీషన్ ఏజెంట్ల బోర్డులు చూడండి, సగం వాటిలో "అండ్ సన్స్", "అండ్ కో" ఉంటాయి, అదీ ఆంపర్‌సాండ్ గుర్తుతో. ఆ ఒక్క గుర్తు ఎక్స్‌ఎంఎల్‌ను విరగ్గొడుతుంది. లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌తో నోడ్లు కట్టినా, ఎక్స్‌ఎంఎల్ రైటర్ వాడినా అవే చూసుకుంటాయి.

పార్సర్‌కు బయటి నుంచి వచ్చిన ఎక్స్‌ఎంఎల్ ఇచ్చేటప్పుడు మూడు అమరికలు స్పష్టంగా రాయండి: ఎక్స్‌పాండ్ ఎంటిటీస్ సున్నా, లోడ్ ఎక్స్‌టర్నల్ డీటీడీ సున్నా, నో నెట్‌వర్క్ ఒకటి. లేకపోతే ఎవరైనా ఎంటిటీ (వేరే చోటి పాఠాన్ని ఎక్స్‌ఎంఎల్‌లోకి లాగే గుర్తు) పేరుతో మీ మిషన్‌లోని పాస్‌వర్డ్ ఫైలును జవాబులో చదివించుకోగలరు. మా గేటు దగ్గర అలాంటివాళ్ళు ఎవరుంటారండీ అంటారు. నిజమే, అయినా మూడు మాటలే కదా.

క్లయింటు దగ్గరకు వద్దాం. యూజర్ ఏజెంట్ టైమౌట్ మీరు చెప్పకపోతే 180 సెకన్లు. వెనక లారీ డ్రైవర్ హారన్ కొడుతుంటే మూడు నిమిషాలు ఎవరు ఆగుతారు, పది సెకన్లు పెట్టండి. ఇంకో మెలిక: సర్వరు అసలు దొరక్కపోయినా ఎల్‌డబ్ల్యూపీ మీకు 500 అనే జవాబే చేతిలో పెడుతుంది. అది సర్వరు పంపింది కాదు, తానే తయారుచేసింది. క్లయింట్ వార్నింగ్ అనే హెడర్‌లో ఇంటర్నల్ రెస్పాన్స్ అని ఉందేమో చూడండి. ఉంటే కేబుల్ చూసుకోవాలి, లేకపోతే సర్వరు లాగ్ చూసుకోవాలి. ఈ తేడా తెరమీద తెలుగులో చూపిస్తే గేటు దగ్గరి మనిషి మీకు రాత్రి పదింటికి ఫోన్ చేయడు.

డెలివరీ ఎంట్రీ మాత్రం మీరు అడగని ప్రశ్న, కానీ రేపు డబ్బుల గొడవ అయ్యేది అదే. క్లయింటు "40 టిక్కీలు తీశారు" అని పంపింది. సర్వరు లెక్కలో రాసేసింది, జవాబు వచ్చేలోపు కరెంటు పోయి స్విచ్ ఆగిపోయింది. క్లయింటుకు టైమౌట్. గేటు మనిషి మళ్ళీ నొక్కుతాడు, ఎవరైనా నొక్కుతారు. ఇప్పుడు పుస్తకంలో 80 పోయాయి. నిల్వ అడగడం గెట్ రకం రిక్వెస్టు, ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు. డెలివరీ పోస్ట్, దానితోపాటు గేట్ పాస్ నంబరు తప్పనిసరిగా వెళ్ళాలి. డేటాబేస్‌లో ఆ నంబరు మీద యూనిక్ షరతు, అంటే ఒకే నంబరు రెండుసార్లు పడని షరతు పెట్టండి. అదే నంబరు రెండోసారి వస్తే ఎర్రర్ ఇవ్వకండి, మొదటిసారి ఇచ్చిన జవాబే మళ్ళీ ఇవ్వండి. ముందుగా వెతికి, లేకపోతే రాయడం అనే పద్ధతి ఫోర్క్‌లో ఇద్దరు ఒకేసారి వస్తే తప్పుతుంది. ఇన్సర్ట్ చేసి, షరతు అడ్డుపడితే పట్టుకోండి.

చివర్లో ఈ లెక్కల్ని టాలీకి కూడా పంపాలన్నారు. అందుకే ఎక్స్‌ఎంఎల్ ఎంచుకోవడం మంచిదైంది. టాలీ కూడా హెచ్‌టీటీపీ మీద ఎక్స్‌ఎంఎల్ తీసుకుంటుంది, మామూలుగా పోర్టు 9000. మీ క్లయింటు కోడే కాస్త మార్చి వాడుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ హెచ్‌టీటీపీ 200 వచ్చిందని సంబరపడొద్దు. ఎన్ని ఎంట్రీలు పడ్డాయి, ఎన్ని తప్పాయి అనేది జవాబు లోపలి ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, అది చదివాకే పడ్డట్టు. ఇంకొకటి, అకౌంటింగ్ ప్యాకేజీల నుంచి వచ్చే ఎక్స్‌ఎంఎల్‌లో అప్పుడప్పుడు కనిపించని కంట్రోల్ గుర్తులు దూరుతాయి. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 32 లోపు గుర్తుల్లో ట్యాబ్, రెండు రకాల లైను మార్పులు తప్ప మిగతావేవీ చెల్లవు, సంఖ్య రూపంలో రాసినా చెల్లవు. పార్సర్ అక్కడే ఆగిపోతుంది. పార్స్ చేసే ముందే ఒక చిన్న రెగెక్స్‌తో (వెతికే నమూనాతో) ఊడ్చేయండి.

నడపడం సంగతి పెద్దగా లేదు. ఉబుంటులో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఒక యూనిట్ ఫైలు రాసి రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టండి, దాన్ని ఎనేబుల్ కూడా చేయండి, రోహిణి కార్తెలో కరెంటు పోయి వచ్చినా తనే లేస్తుంది.

ముందు ఇవాళ రాత్రికి ఆ టైమౌట్, ఫోర్స్ లాస్ట్ రిక్వెస్ట్ రెండూ పెట్టి, క్రోమ్ తెరిచి ఉంచి గేటు ప్రోగ్రాం నడపండి. తర్వాత మిర్చి అనే మాట ఒక్కటే కర్ల్ కమాండుతో తెప్పించి బైట్లు లెక్కపెట్టండి. ఎంత వచ్చిందో ఇక్కడే కింద రాయండి, 18 కాకపోతే ఏ గుమ్మంలో తేడా ఉందో అప్పుడు చూద్దాం.